ఆ చిన్న బ్రిటిష్ సెలూన్లలో ఒక్కటే ఎంచుకోమంటే

సెలూన్ అనగానే మన ఊళ్లలో అద్దాలు, కత్తెర చప్పుడు గుర్తొస్తాయి. ఇంగ్లండులో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. గట్టి పైకప్పు, నలుగురు కూర్చునే చోటు, వెనక సామాను పెట్టుకునే డిక్కీ ఉన్న ఇంటి కారును అక్కడ సెలూన్ అంటారు. 1960 నుంచి 1980 దాకా అక్కడి కంపెనీలు ఈ మామూలు ఇంటి కార్లలోనే కొన్నింటికి బలమైన ఇంజను, రెండు కార్బురేటర్లు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టి అమ్మాయి. వారమంతా ఆఫీసుకు తిరిగిన బండే ఆదివారం రేసు ట్రాకు మీద కనిపించేది. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే గ్యారేజీ నిండా పచ్చి పెట్రోలు వాసన. డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి స్మిత్స్ మీటర్లు, వాటిలో వణికే ముళ్లు. ఆ రోజుల్ని తలచుకునేవాళ్లు ఇప్పటికీ తెగని వాదన ఒకటి పెట్టుకుంటారు: వీటిలో ఒక్కటే ఉంచుకోమంటే ఏది?

గెలిచిన కప్పులు లెక్కపెడితే ఈ వాదన తేలదు, ఎందుకంటే అన్నీ ఎక్కడో ఒకచోట గెలిచినవే. నేను చూసేది వేరు. ఈ కార్లన్నిటిలోనూ ఏ ఆలోచన వల్ల బండికి పేరొచ్చిందో, దాని రోగం కూడా సరిగ్గా అక్కడే పుట్టింది. పేరు, రోగం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే ఏ బండికి చాకిరీ చేయడానికి మనసు ఒప్పుకుంటుందో తెలుస్తుంది.

మినీ కూపర్ ఎస్ లేకుండా ఈ మాట మొదలుపెట్టడం కుదరదు. అలెక్ ఇసిగోనిస్ 1959లో తెచ్చిన మినీ పొడవు మూడు మీటర్ల పైన అయిదు సెంటీమీటర్లు, అంతే. ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుబాక్సును దాని కింద ఆయిల్ సంపులోనే ఇమిడ్చాడు. అలా మిగిలిన చోటులో నలుగురు పెద్దవాళ్లు కూర్చోగలిగారు. 1959, 1960 సంవత్సరాల్లో ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్ల టైటిల్ గెలిచిన జాన్ కూపర్ ఈ బండి మలుపుల్లో తిరిగే తీరు చూసి, దీనికి ఇంకాస్త బలం ఇవ్వాలన్నాడు. 1961లో 997 సీసీ, 55 హెచ్‌పీ కూపర్ వచ్చింది. 1963లో 1071 సీసీ ఇంజనుతో కూపర్ ఎస్, మరుసటి ఏడు 970, 1275 సీసీ ఇంజన్లు. ఆ 1275లో 76 హెచ్‌పీ ఉండేది. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, బరువు దాదాపు మారుతి 800 అంత, బలం దానికి రెట్టింపు.

మోంటే కార్లో ర్యాలీలో 1964లో పాడీ హాప్‌కిర్క్, 1965లో టిమో మాకినెన్, 1967లో రౌనో ఆల్టోనెన్ మినీతో గెలిచారు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే. హెడ్‌లైట్ బల్బులు నిబంధనల ప్రకారం లేవని చెప్పి ఆ మూడింటినీ పక్కకు నెట్టేశారు. నలభై ఏళ్లు, యాభై ఏళ్లు గడిచినా మినీ అభిమానుల గొంతులో ఆ బాధ పోలేదు.

ఇక రోగం సంగతి. గేరుబాక్సు, ఇంజను ఒకే ఆయిల్ తాగుతాయి. గేరు పళ్లు ఆయిల్‌ను నలిపి నలిపి పల్చన చేస్తాయి. అందుకే 20డబ్ల్యూ-50 ఆయిల్‌ను 3,000 మైళ్లకోసారి, అంటే ఇంచుమించు 4,800 కిలోమీటర్లకు, తప్పకుండా మార్చాలి. ఫిల్టరుతో కలిపి అయిదు లీటర్ల లోపే పడుతుంది. సంపు ప్లగ్గుకు అయస్కాంతం ఉంటుంది. విప్పినప్పుడు దాన్ని వేలితో తడిమి చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. గుచ్చుకునే సన్నటి ఉక్కు ముక్కలు తగిలితే గేరుబాక్సు విప్పే రోజు దగ్గరపడింది. గేరుబాక్సు ఒక్కటే దిగదు కాబట్టి ఇంజను మొత్తం పైకి లాగాల్సిందే.

రెండోది వాన. ఇంజను అడ్డంగా ఉండడంతో డిస్ట్రిబ్యూటర్, మన మెకానిక్కులు డెల్కో అనే భాగం, సరిగ్గా ముందు గ్రిల్లు వెనక్కి వచ్చి కూర్చుంది. పెద్దవానలో లారీ వెనక పోతే నీటి తుంపర తిన్నగా దాని మీదే పడుతుంది. బండి మిస్సింగ్ మొదలుపెట్టి రోడ్డు పక్కన ఆగిపోతుంది. అప్పటివాళ్లు వాడిన చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజు తీసుకుని, వేళ్ల కొసలు కత్తిరించి, ఒక్కో వేలిలోంచి ఒక్కో ప్లగ్గు వైరు బయటకు తీసి, గ్లౌజును డెల్కో క్యాప్ మీద తొడిగేయాలి. తొడిగే ముందు క్యాప్ లోపల పొడిగుడ్డతో తుడిచి, సన్నటి నల్లగీత ఉందేమో వెలుతురులో చూడాలి. గీత ఉంటే అది పగులు, కరెంటు దాని వెంట పారిపోతుంది. ఆ క్యాప్ మార్చాల్సిందే, గ్లౌజు దాన్ని కాపాడదు.

ఇప్పుడు కూపర్ ఎస్ అని చెప్పి అమ్మేవాటిలో మామూలు మినీకి బ్యాడ్జి తగిలించినవి చాలా ఉన్నాయి. బానెట్ ఎత్తి, ఇంజను పైభాగాన్ని, అంటే హెడ్‌ను, పట్టి ఉంచే బిగింపులు లెక్కపెట్టండి. మామూలు మినీలోని ఏ-సిరీస్ ఇంజనుకు తొమ్మిది, అసలైన ఎస్‌కు పదకొండు. ముందు డిస్కులు మామూలు కూపర్‌కు 7 అంగుళాలు, ఎస్‌కు ఏడున్నర. 1966 నుంచి వచ్చిన ఎస్ అయితే డిక్కీలో రెండు వైపులా పెట్రోలు ట్యాంకులు ఉండాలి. తుప్పు చూడాల్సింది వెనక సబ్‌ఫ్రేములో, అంటే వెనక చక్రాలను మోసే ఇనుప చట్రంలో, తలుపుల కింది సిల్లుల్లో. సబ్‌ఫ్రేము చివరలు పొరలు పొరలుగా లేస్తుంటే పైన ఎంత మెరిసే పెయింటు ఉన్నా ధర అక్కడే ఆపండి. 1964 చివరి నుంచి కొన్నేళ్లు వాడిన హైడ్రోలాస్టిక్ సస్పెన్షన్‌లో ఒక్కో పక్క ముందు, వెనక చక్రాలకు మధ్య ద్రవం గొట్టం ఉంటుంది. అది కారితే బండి ఆ పక్కకు మొత్తంగా వాలిపోతుంది. ద్రవం ఎక్కించడానికి ప్రత్యేకమైన పంపు కావాలి, ఇంటి దగ్గర అయ్యే పని కాదు.

మినీ సరే, దానికంటే ముందు రైలీ 1.5 ఉంది. 1957లో వచ్చింది. మోరిస్ మైనర్ అనే కారు అడుగుభాగం మీద కట్టిన చిన్న, ముద్దుగా ఉండే సెలూన్. దాని గురించి మన ఊళ్లలో ఎవరికీ తెలియదు కానీ, దాని ఇంజను చప్పుడు మాత్రం మనందరికీ తెలుసు. అది మినీని తయారుచేసిన బీఎంసీ కంపెనీ 1489 సీసీ బీ-సిరీస్, మన అంబాసిడర్‌లో తిరిగిన ఇంజనే. రైలీలో దానికి ఎస్‌యూ అనే రకం కార్బురేటర్లు రెండు పెట్టారు. అంబాసిడర్ టాపెట్లు సరిచేసిన ఏ పాత మెకానిక్కుకైనా తొమ్మిది లెక్క తెలిసే ఉంటుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాని గ్యాప్ చూడాలి, ఏడోది తెరుచుకుంటే రెండోదాన్ని. రెండు అంకెలూ కూడితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. మినీ ఇంజనుకూ ఇదే లెక్క, గ్యాప్ మాత్రం చల్లారిన ఇంజను మీద 12 థౌ, అంటే 0.30 మిల్లీమీటర్లు.

రెండు ఎస్‌యూల మాట వచ్చింది కాబట్టి వాటి దగ్గర కాసేపు ఆగాలి. ఈ కార్లలో సగానికి ప్రాణం అవే, పాడుచేసేవాళ్లు ఎక్కువగా చేతులు పెట్టేదీ అక్కడే. బండి లాగడం లేదంటే ముందు కార్బురేటర్ స్క్రూలు తిప్పకండి. టాపెట్లు, పాయింట్ల గ్యాప్, ప్లగ్గులు, టైమింగ్ చూశాకే కార్బురేటర్ల జోలికి పోవాలి. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీసేయండి. రెండు కార్బురేటర్ల థ్రాటిల్ కడ్డీలను కలిపే క్లాంపు వదులు చేస్తే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయి. ఒక అర మీటరు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టండి. గాలి లాగే ఉస్సుమనే శబ్దం వినిపిస్తుంది. రెండో కార్బురేటర్ దగ్గరా అలాగే వినండి. రెండిట్లో ఒకే స్థాయి శబ్దం వచ్చేదాకా ఐడ్లింగ్ స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పాలి.

ఆ తర్వాత మిశ్రమం. కార్బురేటర్ అడుగున చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని పైకి నొక్కితే లోపలి పిస్టన్ లేస్తుంది. ఒక్క మిల్లీమీటరు లేపండి, అంతకంటే వద్దు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజను తడబడి ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కొంచెం లేచి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. అడుగున ఆరు పలకల జెట్ నట్టు ఉంటుంది. కిందికి దించితే పెట్రోలు ఎక్కువ, పైకి ఎక్కిస్తే తక్కువ. ఒకసారికి ఒక్క పలకే తిప్పి, మళ్లీ పిన్ను లేపి చూడాలి. ఒకదాన్ని మార్చితే రెండోదాని మీదా ప్రభావం పడుతుంది కాబట్టి రెండుమూడు సార్లు అటూ ఇటూ తిరగాలి. చివరగా క్లాంపు బిగించి, పైనున్న నల్ల మూతలు విప్పి డ్యాష్‌పాట్‌లో, అంటే పిస్టన్ పైనున్న గొట్టంలో, పల్చటి ఆయిల్ ఉందో లేదో చూడండి. అక్కడ ఆయిల్ లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి, బండి ఒక క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి అప్పుడు లాగుతుంది. చాలామంది ఈ లక్షణాన్ని చూసి కార్బురేటర్ పోయిందనుకుని కొత్తది కొన్నారు. కావాల్సింది రెండు చెంచాల ఆయిలే.

లోటస్ కార్టినా అందంలో వీటన్నిటికంటే ముందుంటుంది. 1963 మొదట్లో వచ్చింది. తెల్లటి బండికి పక్కన ఆకుపచ్చ పట్టీ, నున్నటి నాలుగు మూలల ఫోర్డ్ ఆకారం. ఫోర్డ్ ఇనుప బ్లాకు మీద హ్యారీ మండీ గీసిన అల్యూమినియం ట్విన్ కామ్ హెడ్, అంటే వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టులు రెండున్న హెడ్, కూర్చోబెట్టి, రెండు వెబర్ కార్బురేటర్లు పెడితే 1558 సీసీలో 105 హెచ్‌పీ వచ్చింది. జిమ్ క్లార్క్ 1964లో బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్‌ను దీంతోనే గెలిచాడు. మలుపులో లోపలి ముందు చక్రం గాలిలోకి లేచి, మూడు చక్రాల మీద పోతున్న ఆ తెల్ల కారు ఫొటోలు చూసినవాళ్లు ఇంకో బండిని ప్రేమించడం కష్టం.

కానీ మొదటి కార్లలో వెనక ఇరుసును పట్టుకోవడానికి కాయిల్ స్ప్రింగులతో పాటు ఇంగ్లీషు ‘A’ అక్షరం ఆకారంలో ఒక బ్రాకెట్ పెట్టారు. అది డిఫరెన్షియల్ డబ్బా అడుగుకు బిగించి ఉంటుంది. గట్టిగా తోలినప్పుడు ఆ బ్రాకెట్ గుంజుడుకు డబ్బా అతుకులు వదులై ఆయిల్ కారుతుంది. కారిన ఆయిల్ బ్రాకెట్ రబ్బరు బుష్షుల మీద పడి వాటిని ఉబ్బించి పాడుచేస్తుంది. బుష్షులు పోతే ఇరుసు ఇంకా ఊగి, డబ్బా ఇంకా కారుతుంది. 1965లో దాన్ని తీసేసి మామూలు కమాను పట్టీలు వేశారు. కొనేవాళ్లకు నేను చెప్పేది ఆ తర్వాతి కారే కొనమని. ట్విన్ కామ్ ఇంజను ఇంకో పరీక్ష కూడా పెడుతుంది. నీటి పంపు ముందు కవరులోనే కలిసి ఉంటుంది. పంపు బేరింగు పోతే కవరు తీయాలి. కవరు తీయాలంటే పైన హెడ్, కింద సంపు రెండూ విప్పాలి. పది నిమిషాల్లో పంపు మార్చుకునే అలవాటున్నవాళ్లకు ఇది రెండు రోజుల పని. అందుకే ఫ్యాన్ బెల్టును ఎప్పుడూ లాగి బిగించకూడదు. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేలా ఉంచితే బేరింగు చాలాకాలం బతుకుతుంది.

ఫోర్డ్ ఎస్కార్ట్ అభిమానుల బలగం పెద్దది. 1968లో వచ్చిన, వెనక చక్రాలతో నడిచే ఆ చిన్న బండితో హన్ను మిక్కోలా, గున్నార్ పామ్ 1970లో లండన్ నుంచి మెక్సికో దాకా సాగిన వరల్డ్ కప్ ర్యాలీ గెలిచారు. ఆ పేరుతోనే ఎస్కార్ట్ మెక్సికో వచ్చింది: 1599 సీసీ, 86 హెచ్‌పీ, మామూలు పుష్‌రాడ్ కెంట్ ఇంజను. 1972 నుంచి 1979 దాకా వరసగా ఎనిమిదేళ్లు బ్రిటన్‌లో జరిగే ఆర్‌ఏసీ ర్యాలీ ఎస్కార్ట్‌దే. ఇన్ని కార్లలో సులువుగా బతికేది ఏదంటే మెక్సికోయే. ఇంజను చుట్టూ చెయ్యి తిరిగే చోటుంది, భాగాలు దొరుకుతాయి, కెంట్ ఇంజను మొండిది. చూడాల్సిందల్లా బానెట్ కింద ముందు స్ట్రట్లు, అంటే ముందు చక్రాల స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కడ్డీలు, పైన బిగిసే చోట తుప్పు. అక్కడ ఇనుము పొంగి, అతుకు మీద అతుకు వేసి ఉంటే స్ట్రట్ బానెట్‌లోంచి పైకి పొడుచుకురావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఎస్కార్ట్‌లోనే ఇంకో రకమైన ఆర్‌ఎస్ 2000 కొంటే దాని రెండు లీటర్ల పింటో ఇంజనులో పైనుంచి టిక్ టిక్ శబ్దం వస్తోందేమో వినండి. కామ్‌షాఫ్టు మీద ఒక సన్న గొట్టం అడ్డంగా పడుకుని, చిన్న చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ చిమ్ముతుంది. ఆయిల్ సమయానికి మార్చకపోతే ఆ రంధ్రాలు మడ్డితో మూసుకుపోయి, కామ్ పొడిగా రాసుకుని అరిగిపోతుంది. కామ్ ఒక్కటే మార్చి, దానికి రాసుకుంటూ కదిలే పాత ఫాలోయర్లు, పాత గొట్టం ఉంచితే కొత్త కామ్ కూడా కొన్నాళ్లకే పాతదాని దారి పడుతుంది. మూడూ కలిపే మార్చాలి.

ఎస్కార్ట్ మీద నాకు గౌరవం ఉంది. ప్రేమ మాత్రం పుట్టదు. అది ఎక్కడా ఆశ్చర్యపరచదు.

స్కాట్లండులోని లిన్‌వుడ్‌లో 1963 నుంచి తయారైన హిల్‌మన్ ఇంప్ మాత్రం ఆశ్చర్యమే. వెనక ఇంజను, 875 సీసీ, మొత్తం అల్యూమినియం, ఒక పక్కకు వాల్చి పెట్టినది. బిల్ మెక్‌గవర్న్ దీనికే ఇంకో పేరైన సన్‌బీమ్ ఇంప్‌తో 1970, 71, 72 మూడేళ్లూ బ్రిటిష్ సెలూన్ ఛాంపియన్ అయ్యాడు. ఇంప్ నడిపేవాళ్లు ఒక్క సంగతి మరచిపోకూడదు. ముందు టైర్లలో గాలి వెనకవాటిలో దాదాపు సగమే ఉండాలి. పెట్రోలు బంకులో నాలుగింటికీ ఒకే గాలి కొట్టించి, మలుపులో వెనక భాగం తిరిగిపోయి కాలువలో పడ్డ ఇంప్‌లు చాలా ఉన్నాయి. తప్పు కారు మీద వేశారు.

వాక్సాల్ చెవెట్ హెచ్‌ఎస్, టాల్బట్ సన్‌బీమ్ లోటస్ కూడా గొప్పవే. కానీ వెనక తలుపు పైకి లేచే బండ్లు అవి. సెలూన్ల పట్టీలో వాటిని చేర్చడం నాకు సమ్మతం కాదు.

ఇక నా బండి.

1960లలో మద్రాసులో ఉన్న తెలుగువాళ్లకు స్టాండర్డ్ హెరాల్డ్ బాగా పరిచయం. మద్రాసు శివారులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి దాని ఆకారం గీశాడు. హెరాల్డ్ ముందు భాగంలోని ఆ పదునైన అంచులు, పెద్ద అద్దాలు, పల్చటి కప్పు గుర్తున్నవాళ్లు ట్రయంఫ్ డాలమైట్‌ను చూడగానే అది హెరాల్డ్ తమ్ముడని పోల్చుకుంటారు. గీసిన చెయ్యి ఒకటే. ఆ డాలమైట్‌లో 1973లో వచ్చిన స్ప్రింట్‌కే నా ఓటు.

ఎందుకంటే దాని హెడ్. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు, మొత్తం పదహారు. ఆ రోజుల్లో పదహారు వాల్వులంటే రేసు ఇంజనే, రెండు కామ్‌షాఫ్టులు, చుక్కల్లోని ధర. ఇంజనీరు స్పెన్ కింగ్ బృందం ఒకే కామ్‌షాఫ్టుతో పని కానిచ్చింది. కామ్‌షాఫ్టు ఇన్‌లెట్ వాల్వుల నెత్తిన ఉంటుంది, దాని మీద ఎనిమిది ఉబ్బులే. ఒక ఉబ్బు కిందికి తిరిగినప్పుడు బకెట్ మీదుగా ఇన్‌లెట్ వాల్వును తిన్నగా నొక్కుతుంది. అదే ఉబ్బు ఇంకా తిరిగి పక్కకు వచ్చినప్పుడు ఒక పొడవాటి రాకర్ కొసను తోస్తుంది, ఆ రాకర్ అవతలి కొస ఎగ్జాస్ట్ వాల్వును తెరుస్తుంది. ఒక ఉబ్బుకు రెండు పనులు. కవరు విప్పి, ఇంజనును చేత్తో తిప్పుతూ ఆ కదలికను చూస్తే గడియారం వెనక మూత తీసి చూసినట్టే ఉంటుంది. 1974లో ఈ హెడ్‌కు బ్రిటిష్ డిజైన్ కౌన్సిల్ అవార్డు దక్కింది. 1998 సీసీలో 127 హెచ్‌పీ, గంటకు 115 మైళ్ల వేగం. అల్లాయ్ చక్రాలు కంపెనీ నుంచే వచ్చాయి. లోపల వాల్‌నట్ చెక్క డ్యాష్‌బోర్డు, బయట నాలుగు హెడ్‌లైట్లు, మొదట్లో వచ్చిన మిమోసా పసుపు రంగు మీద నల్లటి కప్పు. ఆండీ రౌజ్ 1975లో దీంతో బ్రిటిష్ సెలూన్ ఛాంపియన్ అయ్యాడు. 1980 దాకా దాదాపు 23 వేలు తయారయ్యాయి.

ఆ తెలివికి ఒక పరిమితి ఉంది, ఒప్పుకోవాలి. ఒకే ఉబ్బు రెండు వాల్వుల్నీ నడుపుతుంది కాబట్టి ఎగ్జాస్ట్‌ను ముట్టుకోకుండా ఇన్‌లెట్ ఆకృతి మార్చడం కుదరదు. గ్యాప్ సరిచేయడానికి స్క్రూలు లేవు, షిమ్ములనే పల్చటి ఉక్కు బిళ్లలే ఉన్నాయి. వాటిని మార్చాలంటే కామ్‌షాఫ్టు బయటికి రావాలి. కాగితం మీద పదహారు గడులు గీసుకుని, ఒక్కో వాల్వు గ్యాప్ కొలిచి రాసుకుని, అప్పుడే కామ్ విప్పాలి. పాత షిమ్ము మందం మైక్రోమీటరుతో కొలిచి, ఎక్కువైన గ్యాప్ దానికి కలిపితే కొత్త షిమ్ము మందం వస్తుంది. కొలవకుండా విప్పితే మళ్లీ మొదటి నుంచి రావాలి.

దీన్ని చంపేది నీళ్లు. ఇంజను 45 డిగ్రీలు వాలి ఉంటుంది, నీటి పంపు బ్లాకు పైభాగంలో ఎత్తున కూర్చుంటుంది. మామూలు ఇంజన్లలో పంపు కింద ఉంటుంది కాబట్టి అర లీటరు తగ్గినా నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ కొంచెం తగ్గినా పంపు గాలి మింగుతుంది, నీళ్లు తిరగడం ఆగిపోతుంది. ఇంకా మోసం చేసేది టెంపరేచర్ మీటరు. సెన్సరు చుట్టూ నీళ్లు లేకపోతే ముల్లు పైకి లేవకుండా హాయిగా కిందే ఉంటుంది. డ్రైవరు ముల్లును నమ్మి తొక్కుతుంటాడు, అవతల అల్యూమినియం హెడ్ వంకరపోతుంటుంది. తర్వాత హెడ్ గాస్కెట్ పోతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వస్తుంది.

ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, మధ్యలో నీళ్లు. ఉత్త కుళాయి నీళ్లు పోస్తే అల్యూమినియం తినుకుపోయి, ఆ మడ్డి రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. నీళ్లు, యాంటీఫ్రీజ్ సగం సగం కలిపి, రెండేళ్లకోసారి మార్చాలి. చలి లేని దేశంలో ఉన్నా కలపాలి, అది గడ్డకట్టకుండా ఆపడానికే కాదు, తుప్పు పట్టకుండా ఆపడానికి కూడా. పాత రేడియేటర్ అయితే ఇంజను వేడెక్కాక చల్లదనం తగిలే చోట్లు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి, ఫ్యాన్ దగ్గర జాగ్రత్త. చల్లగా తగిలిన చోట గొట్టాలు మూసుకుపోయినట్టే.

నీళ్లు నింపే పద్ధతి కూడా తెలిసి చేయాలి. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు తిప్పాలి. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరి ఫిల్లర్ ప్లగ్గు విప్పి, అక్కడి నుంచి నెమ్మదిగా పోయాలి. బుడగలు ఆగేదాకా పై గొట్టాన్ని చేత్తో పిసుకుతుండాలి. ప్లగ్గు బిగించి, ఇంజను వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ విప్పి చూడాలి. రెండోసారి కూడా కొంచెం పడుతుంది. ఆ రెండోసారి చూడనివాళ్లే దారిలో ఆగిపోతారు.

పంపు సీలు పోతే బ్లాకుకున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు కారతాయి, ఎండిన తెల్లటి చారలు కనిపిస్తాయి. పంపు బెల్టుతో తిరగదు, లోపలి జాక్‌షాఫ్టు పళ్లతో తిరుగుతుంది. దాని మధ్య బోల్టుకు ఎడమచేతి మర. తెలియక మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే పంపు పళ్లలోంచి తనంతట తానే పైకి వస్తుంది.

హెడ్ దించే పని అన్నిటికంటే ఓపిక అడుగుతుంది. ఒక వరస బోల్టులు, ఇంకో వరస ఏటవాలు స్టడ్లు, అంటే తల లేని బోల్టులు. ఏళ్ల తరబడి నీళ్లు తగిలి ఆ ఉక్కు స్టడ్లు అల్యూమినియంకు అతుక్కుపోతాయి. రెండు వరసలూ వేర్వేరు వాలులో ఉండడంతో స్టడ్లు తీయకుండా హెడ్ పైకి లేవదు. ఆశపడి స్క్రూడ్రైవరు పెట్టి పెకలిస్తే గాస్కెట్ కూర్చునే ముఖం చెక్కుకుపోతుంది. ముందురోజే ఒక్కో స్టడ్ మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ పోసి నాననివ్వాలి. మర్నాడు ఒక్కో స్టడ్‌కు రెండు నట్లు ఎక్కించి, ఒకదానిమీద ఒకటి బిగించి, కింది నట్టును తిప్పుతూ స్టడ్‌ను బయటికి తీయాలి. తిరగకపోతే వేడి చేసి, అటో పావు ఇటో పావు తిప్పుతూ ఉండాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్టడ్లకు కాపర్ గ్రీజు రాసి, మధ్య నుంచి చివరలకు, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగిస్తే, ఈసారి విప్పేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ఇంత చాకిరీ దేనికంటే గేరు కడ్డీ మీదున్న ఆ చిన్న స్విచ్చు కోసం. 1975 నుంచి స్ప్రింట్‌కు లేకాక్ ఓవర్‌డ్రైవ్‌ను, అంటే అదే వేగంలో ఇంజను తక్కువగా తిరిగేలా చేసే అదనపు గేరును, ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. మూడు, నాలుగు గేర్లలో పనిచేస్తుంది. మూడో గేరులో ఇంజను గొంతు పెంచి మలుపులోంచి బయటికి వచ్చాక, క్లచ్ ముట్టకుండా బొటనవేలితో స్విచ్చు జరిపితే, ఆర్‌పీఎం ముల్లు మెత్తగా కిందికి జారి, బండి అదే వేగంతో నిశ్శబ్దంగా సాగిపోతుంది. స్విచ్చు వేసినా ఏమీ కాకపోతే గేరుబాక్సు విప్పకండి. ముందు ఆయిల్ మట్టం చూడండి, గేరుబాక్సు, ఓవర్‌డ్రైవ్ రెండింటికీ ఒకటే ఆయిల్. తర్వాత ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, మూడో గేరులో పెట్టి స్విచ్చు వేస్తే కిందినుంచి సోలెనాయిడ్ టక్కుమనాలి. శబ్దం రాకపోతే ఎక్కువసార్లు తప్పు గేరు కడ్డీ లోపలి సన్న వైరుది. ప్రతి గేరుకూ వంగి వంగి అక్కడే తెగుతుంది. నాబు విప్పి, కొత్త మెత్తటి వైరు లాగి, కింద కొంచెం వదులు ఉంచితే చాలు.

డాలమైట్ మీద చెడ్డమాట చెప్పేవాళ్లలో చాలామంది నీళ్లు చూడకుండా నడిపినవాళ్లే. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తి ఎక్స్‌పాన్షన్ బాటిల్‌లో మట్టం చూడాలి. పంపు పక్కన బ్లాకు మీద వేలు పెట్టి తడి ఉందేమో చూడాలి. వేలు పొడిగా ఉంటే మూత వేసి చోక్ లాగండి.